పిల్లర్లు లేచి నాలుగేళ్లు, బ్రిడ్జి మాత్రం ఎక్కలేం: ప్రభుత్వ పనులు ఎందుకు సాగుతూనే ఉంటాయి?

వాగుఒడ్డు | ఆదివారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మాది పరకాల దాటాక లోపలికి ఉండే ఊరు. ఊరికి, మెయిన్ రోడ్డుకు మధ్యన వాగు. గట్టి వాన పడితే పాత కల్వర్టు మీద నుంచి నీళ్లు పోతాయి. కొత్త బ్రిడ్జి మంజూరైనప్పుడు ఊరంతా సంబరపడ్డాం. పని బోర్డు మీద గడువు 12 నెలలు అని రాశారు. పిల్లర్లు లేచాయి, పైన స్లాబు కూడా పడింది. ఆ తర్వాత మనుషులు లేరు, మిషన్లు లేవు. నాలుగేళ్లు దాటింది.

మొన్న వానకు మా అమ్మను మంచం మీద మోసుకుని వాగు దాటించాం. 108 అవతలి ఒడ్డునే ఆగింది. తల మీదే కొత్త బ్రిడ్జి ఉంది. దాని కింద నుంచి నడుము లోతు నీళ్లలో పోయాం.

ఎవరిని అడిగినా "తిన్నారు" అంటారు. ఆ ఒక్క మాటతో నాకు సమాధానం దొరకడం లేదు. మిగిలింది పూర్తి చేస్తేనే కదా మిగిలిన బిల్లు వచ్చేది. మరి ఎందుకు ఆపుతారు? తెలిసినవాళ్లు చెప్పండి.

కోటగుమ్మం_99 | ఆదివారం, రాత్రి 9:31

కమీషన్లు అన్నా. ఇంకేం లేదు.

పాత_ఎంబుక్ | ఆదివారం, రాత్రి 10:05

తమ్ముడూ, అమ్మగారు ఇప్పుడు ఎలా ఉన్నారు?

నేను ఇంజినీరుగా పనిచేసి రిటైర్ అయ్యాను. ఎక్కువ కాలం కాలువల మీద, చివర్లో కొన్నాళ్లు రోడ్లు, వంతెనల మీద. కమీషన్లు లేవని నేను అనను. కానీ నువ్వు చెప్పిన గుర్తులను బట్టి ఒకటి అడుగుతాను. స్లాబుకు రెండు వైపులా ఎక్కే దారి, అదే అప్రోచ్ రోడ్డు, పడిందా?

వాగుఒడ్డు | ఆదివారం, రాత్రి 10:11

లేదు సార్. రెండు వైపులా గోడలాగా ఆగిపోయింది. నిచ్చెన వేస్తే తప్ప ఎక్కలేం. అమ్మ ఇప్పుడు బాగానే ఉంది.

పాత_ఎంబుక్ | ఆదివారం, రాత్రి 10:48

అయితే చాలావరకు భూమి సమస్యే అయి ఉంటుంది. వాగు ప్రభుత్వానిది. అందులో పిల్లర్లు వేయడానికి ఎవరూ అడ్డు చెప్పరు. అప్రోచ్ పడాల్సింది పట్టా భూమిలో. అగ్రిమెంట్ అయిన రోజు నుంచి కాంట్రాక్టరుకు గడువు మొదలవుతుంది కాబట్టి, తగాదా లేని చోట పని మొదలుపెడతాడు. మేము కూడా అదే చెప్పేవాళ్లం. "ముందు వాగులో మొదలుపెట్టండి, భూమి సంగతి ఈలోగా చూద్దాం" అని. ఆ "ఈలోగా" ఏళ్లకు ఏళ్లు పోతుంది. రాష్ట్రంలో అటూ ఇటూ దారి లేకుండా నిలబడ్డ వంతెనలు చాలావాటి కథ ఇదే.

కొబ్బరికాయ ముందు కొట్టి భూమి తర్వాత వెతుక్కుంటాం. ఈ వరస మారనంత కాలం ఏ గడువూ నిలవదు. నిజాయితీపరుడైన కాంట్రాక్టరు వచ్చినా అంతే.

టిప్పర్_ములుగు | సోమవారం, ఉదయం 6:20

సార్ చెప్పింది సగం. మిగతా సగం నేను చెప్తా. నేను సబ్ కాంట్రాక్టులు చేస్తాను, మట్టి పని, చిన్న కల్వర్టులు.

టెండర్ ఎవరు తక్కువకు వేస్తే వాళ్లకే. పెద్ద కాంట్రాక్టరు అంచనా కంటే 20 శాతం లెస్‌కు వేసి పని పట్టుకుంటాడు. తన మార్జిన్ చూసుకుని ఇంకా తగ్గించి మాకు ఇస్తాడు. అంచనాలో 100 రూపాయలు ఉన్న పని నా దగ్గరికి వచ్చేసరికి 70కి దిగుతుంది. అది కూడా టైముకు వస్తే చేయొచ్చు. బిల్లు పెడతాం, ఎం-బుక్‌లో, అంటే ఇంజినీర్ల కొలతల పుస్తకంలో, కొలతలు ఎక్కుతాయి, టోకెన్ నంబరు వస్తుంది. ఇక ఆ నంబరు పట్టుకుని ఎదురుచూడటమే. నేను మిషన్లకు, డీజిల్‌కు పైసలు తెచ్చేది నూటికి రెండు రూపాయల వడ్డీకి. ఏడాది ఆగితే 24 శాతం పోయింది. పని మొత్తంలో నాకు మిగిలేది అంత లేదు.

అందుకే బిల్లు ఆగిన రోజు నుంచి పని ఆగుతుంది. మిషన్ ఖాళీగా పెడితే కిస్తీ ఎవరు కడతారు? ఇంకో సైటుకు పంపిస్తాం. సెంట్రింగ్ వాళ్లు ఒడిశా నుంచి, బీహార్ నుంచి వస్తారు, ఒకసారి పోతే మళ్లీ ఆ ముఠా దొరకదు. 2021, 22లో స్టీలు రేటు ఎట్లా పెరిగిందో ఇల్లు కట్టుకున్నవాళ్లందరికీ తెలుసు. పెద్ద పనుల్లో ధర తేడా కలిపిచ్చే క్లాజు ఉంటుంది. మాలాంటి చిన్న పనుల్లో ఉండదు. పాత రేటుకే చేయాలి.

ఊళ్లో అందరూ కాంట్రాక్టరు పారిపోయాడు అంటారు. ఆ మాట పడ్డ రోజు నాకు అన్నం సహించలేదు.

కాజీపేట_జంక్షన్ | సోమవారం, ఉదయం 8:40

రైల్వేలో కూడా ఇదే కథ. పెద్దపల్లి నుంచి కరీంనగర్ మీదుగా నిజామాబాద్ లైను తీసుకోండి. 177 కిలోమీటర్లు. 1993-94లో మంజూరు. అప్పుడు ప్రధాని మన పీవీ గారే, వంగర మనిషి. మొత్తం లైను మీద రైలు నడిచింది 2017లో. అప్పుడు పుట్టిన పిల్లలకు పెళ్లిళ్లయ్యాయి.

సాంకేతికంగా అది కష్టమైన లైను కాదు. పెద్ద ఘాట్లు లేవు. ఏటా బడ్జెట్‌లో కొంచెం కొంచెం వేశారు. దేశమంతా వందల లైన్లు ఒప్పుకుని, ఉన్న డబ్బును అన్నింటికీ పంచుతారు. పద్దు బతికి ఉండటానికి వెయ్యి రూపాయలు రాసిన ప్రాజెక్టులు కూడా బడ్జెట్ పుస్తకంలో ఉంటాయి. వెయ్యి రూపాయలు!

మనోహరాబాద్–కొత్తపల్లి లైను 151 కిలోమీటర్లు. 2006-07లో మంజూరు, 2016 ఆగస్టులో గజ్వేల్ దగ్గర ప్రధాని శంకుస్థాపన, 2023 అక్టోబరులో సిద్దిపేటకు రైలు. మంజూరుకు, శంకుస్థాపనకు మధ్యే పదేళ్లు. భూమి, ఖర్చులో మూడో వంతు రాష్ట్రం పెట్టుకోవడానికి ఒప్పుకున్నాకే అది కదిలింది.

భూమి దగ్గరే ఆగుతుంది నిజమే. రైతులు ధర కోసం కోర్టుకు పోతారు, స్టే వస్తుంది, అంతే.

తరిపొలం | సోమవారం, మధ్యాహ్నం 1:15

కాజీపేట అన్నా, చివరి వాక్యం చదివి ఆగలేక రాస్తున్నాను.

మా నాన్నది ఎకరం పన్నెండు గుంటలు కాలువ కింద పోయింది. తరి పొలం, రెండు పంటలు. ధర లెక్క కట్టేది రిజిస్ట్రేషన్ విలువ మీద. ఊళ్లో అసలు కొనుగోళ్లు ఎంతకు జరుగుతాయో, కాగితం మీద ఎంత రాస్తారో మీకు తెలుసు. 2013 చట్టం వచ్చాక దాని మీద నూటికి నూరు శాతం సొలేషియం, అంటే బలవంతంగా తీసుకున్నందుకు అదనపు పరిహారం, కలుపుతారు, పల్లెల్లో భూమి విలువను రెట్టింపు వరకు పెంచే లెక్క కూడా ఉంది. కానీ మొదటి అంకే తక్కువైతే దాన్ని ఎన్నిసార్లు హెచ్చించినా పక్క ఊళ్లో అంత పొలం కొనలేం. 2015లో జీవో 123 తెచ్చి, ఒప్పుకుంటే నేరుగా కొంటామన్నారు. మరుసటేడు హైకోర్టు దాన్ని కొట్టేసింది. చట్టం ప్రకారం చేయకుండా దగ్గరి దారి వెతికితే చివరికి ఎక్కువ టైమే పట్టింది.

మాకు నోటీసు వచ్చిన తర్వాత డబ్బు రావడానికి మూడేళ్లు పట్టింది. ఈలోగా ఆ పొలం అమ్మలేం, దాని మీద అప్పు పుట్టదు, బోరు వేసుకోవాలన్నా భయం. పేపర్లో మాత్రం "రైతుల అభ్యంతరాలతో పనుల్లో జాప్యం" అని వచ్చింది. నాన్న ఆ పేపర్ ముక్కను మడిచి దాచుకున్నాడు. ఆలస్యం మా వల్ల కాలేదు. ఆలస్యం మా మీద పడింది.

కాజీపేట_జంక్షన్ | సోమవారం, మధ్యాహ్నం 1:52

అక్కా, తప్పు నాదే. తొందరపడి రాశాను. మనస్ఫూర్తిగా క్షమాపణ.

నిట్_సివిల్_3వఏడు | సోమవారం, సాయంత్రం 5:30

ఇది మన దగ్గరే కాదని క్లాసులో చెప్పారు. బెంట్ ఫ్లుబియర్గ్ అనే డెన్మార్క్ పరిశోధకుడు, ఆయన సహచరులు 20 దేశాల్లో 258 రవాణా ప్రాజెక్టులు చూసి 2002లో లెక్క తేల్చారు. పదింటిలో తొమ్మిది అంచనా దాటాయి. రైలు పనులు సగటున 45 శాతం, వంతెనలు, సొరంగాలు 34 శాతం, రోడ్లు 20 శాతం. అందరూ ఒకే వైపు తప్పుతున్నారంటే అది పొరపాటు కాదు, మంజూరు కోసం తగ్గించి రాయడమే అని వాళ్ల వాదన.

సిడ్నీ ఒపేరా హౌస్ సంగతి కూడా చెప్పారు. 70 లక్షల డాలర్ల అంచనా, 10 కోట్ల 20 లక్షల డాలర్లతో పూర్తయింది. 1963కి అయిపోవాల్సింది 1973లో తెరిచారు. పైకప్పు డిజైన్ తేలకముందే 1959లో పునాది పని మొదలుపెట్టారు. తర్వాత కప్పు బరువు పెరిగితే కట్టిన స్తంభాలను కొన్నింటిని మళ్లీ బలపరచాల్సి వచ్చింది. అక్కడ భూమి సమస్య లేదు, డబ్బూ లాటరీ ద్వారా వచ్చింది. అయినా అంతే. పాత_ఎంబుక్ సార్ చెప్పిన "వరస" ఇక్కడా కనిపిస్తోంది.

మన దేశం లెక్క: 150 కోట్లు, ఆపైన ఉన్న కేంద్ర ప్రాజెక్టులను గణాంక శాఖ ప్రతి నెలా చూస్తుంది. 2023 డిసెంబరు నివేదికలో 1,820 ప్రాజెక్టుల్లో 848 ఆలస్యం, 431 అంచనా దాటాయి. దాటిన మొత్తం 4.82 లక్షల కోట్లు.

కోటగుమ్మం_99 | సోమవారం, సాయంత్రం 6:02

కాళేశ్వరం మూడేళ్లలో కట్టలేదా? 2016 మేలో శంకుస్థాపన, 2019 జూన్ 21న ప్రారంభం. చేయాలనుకుంటే అవుతుంది. అంతా మనసులో ఉంటుంది.

గోదారిగట్టు | సోమవారం, సాయంత్రం 6:10

కాళేశ్వరంలోని మేడిగడ్డ బ్యారేజీకి వచ్చి చూసి మాట్లాడండి. ఏ పార్టీ వాళ్లో తెలుస్తూనే ఉంది.

కోటగుమ్మం_99 | సోమవారం, సాయంత్రం 6:13

పార్టీ గురించి నేను ఎత్తలేదు. మీరే ఎత్తారు.

నిర్వాహకులు | సోమవారం, సాయంత్రం 6:40

పార్టీల చర్చకు వేరే శీర్షిక ఉంది. ఇక్కడ ఒకరి అమ్మను వాగులో మోసుకుపోయిన విషయం మీద మాట్లాడుకుంటున్నాం. ఆ తర్వాత వచ్చిన ఐదు వ్యాఖ్యలు తొలగించాం.

పాత_ఎంబుక్ | సోమవారం, రాత్రి 9:55

కాళేశ్వరం ప్రశ్నకు జవాబు చెప్పాలి, ఎందుకంటే అది మంచి ప్రశ్నే. త్వరగా కట్టడం గొప్పే. కానీ 2023 అక్టోబరు 21న మేడిగడ్డలో ఏడో బ్లాకు పిల్లర్లు కుంగాయి. 2024లో అసెంబ్లీ ముందుకు వచ్చిన కాగ్ (ప్రభుత్వ ఖాతాల ఆడిట్ సంస్థ) నివేదిక, కేంద్ర జల సంఘం డీపీఆర్‌ను, అంటే పూర్తి ప్రాజెక్టు నివేదికను, ఆమోదించకముందే 17 పనులు, 25 వేల కోట్ల విలువైనవి, అప్పగించేశారని రాసింది. 80 వేల కోట్ల పైచిలుకు అంచనా 1.47 లక్షల కోట్లు దాటవచ్చని కూడా రాసింది. క్యాలెండర్ మీద గెలిచి సర్వేలో ఓడితే ఆ ఆలస్యం తర్వాత వస్తుంది. అంతే తేడా.

నెమ్మదిగా కట్టింది కూడా మన పక్కనే ఉంది, దేవాదుల ఎత్తిపోతల పథకం. 2001లో శంకుస్థాపన. మొదటి అంచనా 6,016 కోట్లు. అది 9,427 కోట్లయింది, ఆ తర్వాత 13,445 కోట్లయింది. ఇంకా మీదికి పోయింది. రామప్ప నుంచి ధర్మసాగర్ వైపు వచ్చే సొరంగం దాదాపు 49 కిలోమీటర్లు. 2011లో శాయంపేట దగ్గర చలివాగు నీళ్లు సొరంగంలోకి దూకాయి. కూలీలు చనిపోయారు. పని ఏళ్ల తరబడి నిలిచిపోయింది. దేవన్నపేట పంపుహౌస్‌లో మోటారు తిప్పి చూసింది 2025 మార్చిలో.

ఆ 6,016కీ 13,445కీ మధ్య ఉన్నదంతా దొంగతనం అనుకుంటే పొరపాటు. ధరలు ఏటా 6 శాతం పెరిగితే పన్నెండేళ్లలో ఏ పనైనా రెట్టింపవుతుంది, ఒక్క ఇటుక అదనంగా పెట్టకపోయినా. ఆలస్యమే ఖర్చు. ఈ రెండూ వేరు కాదు.

ఇప్పుడు నా సంగతి. ఇంతవరకు ఎక్కడా రాయలేదు.

ఒక కాలువ పనికి నేను అంచనా తయారు చేశాను. కాలువ పనిలో ఖర్చంతా నేల మీద ఆధారపడుతుంది. మెత్తని మట్టి ఒక రేటు, మొరం ఇంకో రేటు, గట్టి రాయి వస్తే బ్లాస్టింగ్, దాని రేటు ఎన్నో రెట్లు. కింద ఏముందో తెలియాలంటే కొద్ది దూరానికి ఒక ట్రయల్ పిట్, అంటే పరీక్ష గుంత, తవ్వాలి, బోర్లు వేయాలి. మాకు దానికి ఇచ్చిన సమయం మూడు వారాలు. పైరు మీద ఉన్న పొలాల్లో తవ్వనివ్వలేదు, నేను వాళ్లను తప్పుపట్టను. రోడ్డు పక్కన దొరికిన చోట్ల తవ్వి మిగతాది ఊహించాం. మన హనుమకొండ చుట్టుపక్కల నేల ఎట్లా ఉంటుందో మీకు తెలుసు, ఎక్కడ గుట్ట లేస్తుందో ఎక్కడ బండ కిందకు పోతుందో చూసి చెప్పలేం.

ఊరి బావులు తవ్వినవాళ్లను అడిగితే బండ చాలా ఉందన్నారు. నా లెక్కలో గట్టి రాయి 40 శాతం వచ్చింది. మొత్తం అంకె చూసి పైనుంచి ఫోన్ వచ్చింది. "ఇంతైతే మంజూరు కాదు. ఈ అంకె దాటకుండా మళ్లీ పంపు." నేను రాయిని 15 శాతానికి దించి రాశాను. సంతకం పెట్టాను. పని మొదలయ్యాక ఉన్న రాయి ఉన్నట్టే బయటపడింది. సప్లిమెంటరీ అంచనా, దాని మీద ప్రశ్నలు, కమిటీ, ఏడాదిన్నర. అప్పటికి సిమెంటు రేటు మారింది. కాంట్రాక్టరు కోర్టుకు పోయాడు.

నేను రూపాయి తినలేదు. కానీ ఆ ఆలస్యంలో నా సంతకం ఉంది. ఆ కాలువ చివరి భూములకు నీళ్లు రాకుండానే చనిపోయిన రైతులు నాకు పేర్లతో సహా తెలుసు.

తరిపొలం | సోమవారం, రాత్రి 10:30

సార్, ఇది రాయడం చిన్న విషయం కాదు.

టిప్పర్_ములుగు | మంగళవారం, ఉదయం 6:05

సార్, ఒకటి అడుగుతా, కోపం వద్దు. అప్పుడు మీరు 40 శాతమే రాసి పంపి ఉంటే ఏమయ్యేది?

పాత_ఎంబుక్ | మంగళవారం, ఉదయం 7:20

కోపం ఎందుకు బాబూ. నన్ను మార్చి ఇంకొకరితో రాయించేవాళ్లు. లేదా ఆ పని మంజూరయ్యేది కాదు. అప్పుడు నాకు అనిపించింది, తక్కువ రాసైనా మొదలైతే ఊళ్లకు ఎప్పటికో ఒకప్పటికి నీళ్లొస్తాయి కదా అని. సగం మంది ఇంజినీర్లు ఈ మాటతోనే సంతకం పెడతారు. ఇప్పుడు ఆలోచిస్తే, ఆ డబ్బుతో పది పనులు మొదలుపెట్టే బదులు నాలుగు పూర్తి చేసి ఉంటే ఆ నాలుగు ఆయకట్టులైనా పండేవి.

లెక్కల_గది | మంగళవారం, ఉదయం 11:10

ఖాతాల వైపు పనిచేస్తాను, ఒక మాట. "మధ్యలో మార్పు" అనేది కూడా చూడండి. పని మొదలయ్యాక ఒక అంతస్తు కలుపుదాం, ఇంకో వార్డు పెడదాం, ఎలివేషన్ మారుద్దాం అంటారు. వరంగల్‌లో పాత సెంట్రల్ జైలు స్థలంలో కడుతున్న 24 అంతస్తుల ఆస్పత్రి 1,100 కోట్లతో మొదలై 1,726 కోట్లకు పోయింది. ఆ పెంపు మీద ఆడిట్ చేయించమని ముఖ్యమంత్రి 2024 జూన్‌లో ఆదేశించారు. ఎవరిది తప్పో నేను చెప్పడం లేదు. కానీ మార్పు అడిగిన చోటే దాని ఖర్చు, దాని వల్ల పెరిగే నెలలు ఒకే కాగితం మీద రాసి సంతకం పెట్టించాలి. నా దగ్గరికి వచ్చే ఫైళ్లలో మార్పు ఒక కాగితం, డబ్బు ఇంకో కాగితం, గడువు పొడిగింపు ఎప్పుడో వచ్చే మూడో కాగితం.

టిప్పర్ అన్న బిల్లుల గురించి చెప్పింది నిజం. టోకెన్ ఇచ్చామంటే డబ్బు ఉందని కాదు.

కాజీపేట_జంక్షన్ | మంగళవారం, మధ్యాహ్నం 12:45

భూమి ముందు చేతిలో ఉండాలి అన్నదానికి మా కాజీపేటకంటే సాక్ష్యం వద్దు. 1980లలో కోచ్ ఫ్యాక్టరీ వస్తుందన్నారు, అది 1985లో పంజాబ్‌లోని కపుర్తలాకు పోయింది. తర్వాత వర్క్‌షాప్ అన్నారు. అయోధ్యాపురం దగ్గర 160 ఎకరాలు రైల్వే చేతికి రావడానికే ఏళ్లు పట్టింది. 2023 జులై 8న శంకుస్థాపన జరిగింది. భూమి అప్పటికి చేతిలో ఉంది కాబట్టి షెడ్లు లేస్తున్నాయి. మా నాన్న కోచ్ ఫ్యాక్టరీలో ఉద్యోగం అనుకుని ఐటీఐ చదివాడు. ఆయన రిటైర్మెంట్ వయసు కూడా దాటిపోయింది.

వాగుఒడ్డు | మంగళవారం, రాత్రి 8:50

ఇన్ని రోజులు నేను ఒక మనిషి మీద కోపం పెట్టుకున్నాను. ఇప్పుడు ఎవరి మీద పెట్టాలో తెలియడం లేదు. నేను చేయగలిగింది ఏమైనా ఉందా సార్?

పాత_ఎంబుక్ | మంగళవారం, రాత్రి 9:15

ఉంది. సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టు. పది రూపాయల ఫీజు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. "పని ఎందుకు ఆగింది" అని అడగకు, దానికి ఒక్క లైను రాసి పంపుతారు. కాగితాలు అడుగు. ఒకటి, అప్రోచ్ భూమి సర్వే నంబర్ల వారీగా ఎంత, ఎవరెవరిది, ఎవరికి డబ్బు చెల్లించారు. రెండు, చివరిసారి గడువు పొడిగించిన ఉత్తర్వు, అందులో రాసిన కారణం. మూడు, సవరించిన అంచనా పంపారా, పంపితే ఏ తేదీన, ఇప్పుడు ఎవరి దగ్గర ఉంది. గడువు పొడిగింపు కాగితంలో కారణం కచ్చితంగా రాసి ఉంటుంది.

వాగుఒడ్డు | నెలా పది రోజుల తర్వాత, శుక్రవారం, రాత్రి 9:40

జవాబు వచ్చింది. రెండు వైపులా కలిపి కావాల్సింది 34 గుంటలు. నాలుగు సర్వే నంబర్లు. మూడింటికి డబ్బు ఇచ్చేశారు. నాలుగోది 9 గుంటలు. గడువు ఐదుసార్లు పొడిగించారు, ఐదుసార్లూ ఒకే కారణం రాశారు: "భూమి అప్పగించనందున". సవరించిన అంచనా కూడా ఆ భూమి వచ్చాకే చూస్తామని ఆపారు.

ఆ 9 గుంటలు ఎవరివో నాకు తెలుసు. మా నాన్న దోస్తు ఆయన, చనిపోయి ఆరేళ్లయింది. కొడుకులిద్దరూ భీవండిలో మగ్గాల మీద ఉన్నారు. నోటీసు చనిపోయిన ఆయన పేరు మీద, తాళం వేసిన ఇంటికి వచ్చింది. వాళ్లకు ఈ విషయమే తెలియదు. నిన్న రాత్రి పెద్ద కొడుక్కి ఫోన్ చేశాను. బ్రిడ్జి ఆగింది తమ పొలం దగ్గర అని విని చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "మీ అమ్మను మోసుకుపోయినప్పుడు కూడా ఇదే కారణమా" అని అడిగాడు.

శనివారం రాత్రి అన్నదమ్ములిద్దరూ బయలుదేరుతున్నారు. పనికి నాలుగు రోజులే సెలవు దొరికింది. సార్, ఏ కాగితాలు తెచ్చుకోమని చెప్పాలి?

పాత_ఎంబుక్ | శుక్రవారం, రాత్రి 9:58

తండ్రి మరణ ధ్రువపత్రం, పట్టాదారు పాస్‌బుక్ అసలుది, ఇద్దరి ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ జిరాక్స్‌లు. తల్లి ఉంటే ఆమెవి కూడా, అక్కాచెల్లెళ్లు ఉంటే వాళ్ల వివరాలు కూడా తప్పకుండా. కుటుంబ సభ్యుల ధ్రువపత్రం తహసీల్ ఆఫీసులోనే తీసుకోవాలి, విరాసత్‌కు, అంటే భూమి వారసుల పేరు మీదకు మారడానికి, అదే ముఖ్యం. నాలుగు రోజుల్లో అంతా కాదు. కానీ దరఖాస్తు పడి రసీదు చేతికొస్తే నోటీసు వాళ్ల పేరు మీదకు మార్చమని అడగొచ్చు.

సోమవారం పది గంటలకు పరకాల బస్టాండ్ దగ్గర ఉంటాను. నేనూ వస్తాను.

టిప్పర్_ములుగు | శుక్రవారం, రాత్రి 10:20

భూమి క్లియర్ అయిన రోజు చెప్పు తమ్ముడూ. అప్రోచ్‌కు మట్టి ఎక్కడి నుంచి తేవాలో నాకు తెలుసు. ఆ కాంట్రాక్టరుతో నేను మాట్లాడతా.